గొంతులో చేరిన అయోడిన్‌ను కొలవడం ఎలా?

ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి బయటి నుంచి ఒంటికి తగిలే రేడియేషన్‌ను నమోదు చేయడానికి ఉద్దేశించినది. ఊపిరితోనో, చేతి నుంచి నోటికో లోపలికి వెళ్లిన పదార్థం లెక్క దానితో తేలదు. అందుకే వరంగల్‌లో గానీ, కరీంనగర్‌లో గానీ థైరాయిడ్ రోగులకు రేడియోధార్మిక అయోడిన్-131 ఇచ్చే విభాగాన్ని చూసుకునే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, మూడు నెలలకోసారి వచ్చే బ్యాడ్జి రిపోర్టు బాగానే ఉందని ఊరుకోకుండా, సిబ్బంది గొంతు కొలతలు విడిగా తీయించాలి. లోపలికి వెళ్లిన అయోడిన్ చేరేది గొంతులోని థైరాయిడ్ గ్రంథిలోనే.

మొదట చేయవలసింది ఎవరెవరికి కొలతలు తీయాలో జాబితా. ద్రవరూప అయోడిన్ సీసా మూత తెరిచేవారికి ఆవిరి పీల్చే ప్రమాదం ఎక్కువ. క్యాప్సూళ్లతో పనిచేసేవారికి తక్కువ. అయితే జాబితా అక్కడితో ముగియదు. థైరాయిడ్ గ్రంథి తొలగించిన రోగి తాగిన మందులో అధికభాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటకు వస్తుంది, అదీ ముఖ్యంగా మూత్రంలో. కొంత చెమటలో, లాలాజలంలో కూడా ఉంటుంది. నేను చూసిన ఒక విభాగంలో టెక్నాలజిస్టులందరికీ కొలతలు తీశారు గానీ, రోగి దుప్పట్లు మార్చి బాత్‌రూమ్ కడిగే ఔట్‌సోర్సింగ్ కార్మికురాలి పేరు రిజిస్టరులోనే లేదు. ఆ పేరు మొదటి వరసలో ఉండవలసినది.

ఉద్యోగంలో చేరేటప్పుడే ఒక కొలత తీసి ఉంచాలి. ఆ తర్వాత 14 రోజులకోసారి తీయడం మంచిది. ఈ అయోడిన్ అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 8 రోజులే కనుక నెలల తరబడి ఆగితే దొరకవలసిన ఆధారం కరిగిపోతుంది. మందు ఒలికితే మాత్రం వంతు వచ్చేదాకా ఆగకుండా మర్నాడే కొలవాలి.

కొలతలో ఎక్కువ పొరపాట్లు పరికరం వల్ల కాదు, ముందు జాగ్రత్త లేకపోవడం వల్ల జరుగుతాయి. మన మే నెల ఎండలకు పనిలో ఉన్నవారు కొంగుతోనో, చొక్కా కాలరుతోనో మెడ మీది చెమట తుడుచుకుంటారు. ఆ బట్టకు అంటిన అయోడిన్ చర్మానికి చేరితే, అది గ్రంథిలోనే ఉన్నట్టు పరికరం చూపిస్తుంది. కాబట్టి చేతులు, మెడ సబ్బుతో కడిగించి, బట్టలు మార్పించిన తర్వాతే కూర్చోబెట్టాలి. ఈ మధ్య ఆ మనిషికి న్యూక్లియర్ స్కాన్ (ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఇచ్చి తీసేది) ఏమైనా చేశారా అని కూడా అడగాలి.

సోడియం అయోడైడ్ ప్రోబ్‌ను (గామా కిరణాలను లెక్కించే పరికరాన్ని) అయోడిన్-131 వెలువరించే 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా శిఖరానికి సరిచేసి, ముందుగా ఖాళీ గది లెక్కను, మెడ ఆకారపు ఫాంటమ్‌లో (నమూనా బొమ్మలో) తెలిసిన పరిమాణంలో పెట్టిన రేడియోధార్మిక పదార్థం లెక్కను రాసుకోవాలి. ఫాంటమ్‌కు ఎంత దూరంలో ప్రోబ్ పెట్టారో మనిషి గొంతుకూ అంతే దూరంలో పెట్టాలి. తర్వాత, మిగతా ఒంట్లో ఉన్నదాని లెక్క కోసం తొడ దగ్గర కూడా లెక్కించి, గొంతు లెక్కలోంచి దాన్ని తీసివేస్తే గ్రంథిలోది మిగులుతుంది.

ఇక మోతాదు, అంటే ఆ మనిషి ఒంటికి తగిలిన రేడియేషన్ ఎంత అన్నది. దాని కొలమానం సీవర్టు. పదార్థం ఏ రోజు లోపలికి వెళ్లిందో తెలియకపోతే, రెండు కొలతల మధ్య రోజున, అంటే 7 రోజుల కిందట వెళ్లిందని అనుకుంటారు. ఆవిరి పీల్చిన సందర్భంలో 7వ రోజున గ్రంథిలో మిగిలేది దాదాపు 14 శాతం. గొంతులో 1,400 బెక్వెరళ్లు (రేడియోధార్మికతకు కొలమానం) కనిపిస్తే, పీల్చినది సుమారు 10,000 బెక్వెరళ్లు. దాన్ని ఆవిరికి వర్తించే, ఒక్కో బెక్వెరల్‌కు 0.00000002 సీవర్టుల గుణకంతో గుణిస్తే 0.2 మిల్లీసీవర్టులు వస్తుంది. దీన్ని బ్యాడ్జి మోతాదుతో కలిపి చూడాలి. అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులు.

కొలత ఎక్కువగా వస్తే మళ్లీ కడిగించి, మరోసారి లెక్కించి, 24 గంటల మూత్రం పరీక్షకు పంపి, ఆ మనిషిని అయోడిన్ పని నుంచి తప్పించాలి. రేడియోధార్మిక అయోడిన్ గ్రంథిలో చేరకుండా అడ్డుకోవడానికి పెద్దలకిచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ మాత్ర, ఆ అయోడిన్ లోపలికి వెళ్లిన కొద్ది గంటల్లోపే పనికొస్తుంది. కాబట్టి ఆ మాత్రలు స్టోర్‌లో కాకుండా హాట్‌ల్యాబ్ (రేడియోధార్మిక మందులు ఉంచి సిద్ధం చేసే గది) పక్కనే ఉండాలి, ఎవరికి ఇవ్వాలో డాక్టరు ముందే నిర్ణయించి ఉండాలి. ప్రతి కొలతనూ తేదీతో రిజిస్టరులో రాసి, దాని నకలును, కొలిచిన మనిషికి అర్థమయ్యే తెలుగులో ఒక వాక్యం జోడించి, అదే రోజు చేతికివ్వాలి.