బెంగళూరు నుంచి మంచనబెలె జలాశయం చుట్టూ కారులో ఒక్క రోజులో వెళ్లి రావడం ఎలా?

బెంగళూరుకు పడమట, మాగడి రోడ్డు దాటి పల్లెదారుల్లోకి తిరిగితే అర్కావతి నది మీద కట్టిన మంచనబెలె జలాశయం, దానికి వాయవ్యంగా సముద్ర మట్టానికి 1,226 మీటర్ల ఎత్తున సావనదుర్గ కొండ కనిపిస్తాయి. తావరెకెరె, దొడ్డ ఆలద మర (పెద్ద మర్రిచెట్టు), మంచనబెలె, సావనదుర్గ, మాగడి మీదుగా ఈ రెండింటినీ చుట్టి ఇంటికి చేరడానికి వంద కిలోమీటర్లకు కొంచెం పైగా అవుతుంది. ఘాట్ రోడ్డంత నిటారు దారి కాదు గనుక చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. అయితే ఇది పల్లెవాళ్లు నడిచే, పశువులు దాటే, పంట ఆరబెట్టుకునే రోడ్డు. ఆ సంగతి మనసులో పెట్టుకుని బండి నడిపేవారికే ఈ దారి హాయిగా సాగుతుంది.

ముందుగా దిశ నిర్ణయించుకోవాలి

ఈ చుట్టును గడియారం ముల్లు తిరిగే దిశలో, అంటే పైన చెప్పిన వరుసలోనే తిరగడం మేలు. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, ఇలా వెళితే జలాశయం, కొండ రెండూ కుడిచేతి వైపుకు వస్తాయి, నీటి అంచుకు దూరంగా ఉండే వరుస మనది అవుతుంది. రెండో కారణం ఎండ. ఉదయం పడమటికి వెళ్లేటప్పుడు, సాయంత్రం మాగడి నుంచి తూర్పుకు తిరిగి వచ్చేటప్పుడు కూడా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. ఎదురెండలో గతుకు కనబడదు, అడ్డం వచ్చిన మేక అంతకన్నా కనబడదు.

బయలుదేరే ముందు రోజు

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. టైరు గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చట్టం చెబుతుంది, కానీ వాన వచ్చే నెలల్లో అంతకు దిగిన టైర్లతో ఈ దారికి వెళ్లవద్దని నా గట్టి సలహా. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడడం అందరూ మరిచిపోయే పని. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయని తృప్తి పడకుండా, ఇంటి ముందే ఒక చక్రం బోల్టులు ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. బిగుసుకుపోయిన బోల్టు సంగతి అడవి అంచున తెలియడం కన్నా ఇంటి దగ్గర తెలియడం మంచిది.

దారి పటాన్ని ఫోన్‌లో ముందే దించుకోవాలి. తాగునీరు, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె, ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణం బండిలో ఉండాలి. పెట్రోలు నగరంలోనే నింపుకోవాలి. అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు 112.

నగరం దాటిన తరువాత

ఉదయం ఆరింటికల్లా బయలుదేరితే మాగడి రోడ్డు రద్దీ తప్పుతుంది. తావరెకెరెలో ఎడమకు తిరిగితే దొడ్డ ఆలద మర వస్తుంది. సుమారు మూడెకరాలు పరచుకున్న ఈ మర్రికి నాలుగు వందల ఏళ్లుంటాయని అంటారు. మూలకాండం తెగులు సోకి పోవడంతో, ఇప్పుడు ఊడలే వేర్వేరు చెట్లలా నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఓ పావుగంట ఆగి టిఫిన్ ముగించుకోవచ్చు.

దారి అడగాల్సి వస్తే ఫోన్‌ను కాకుండా మనిషిని అడగండి. కన్నడంలో "మంచనబెలెగె దారి యావుదు?" అంటే చాలు. జవాబులో 'ఎడక్కె' అంటే ఎడమకు, 'నేర' అంటే నేరుగా, ఈ రెండూ మనకు ఇట్టే తెలిసిపోతాయి. 'బలక్కె' అంటే మాత్రం కుడికి అని గుర్తుంచుకోవాలి. "ముందె రస్తె చెన్నాగిదెయా?" అని కూడా అడగడం మరవద్దు. నిన్నటి వానకు ముందర రోడ్డు ఎలా ఉందో ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది.

రోడ్డు మీద పంట ఉంటే

నవంబరు నుంచి జనవరి దాకా ఈ ఊళ్లలో కోసిన రాగినీ ఉలవ కట్టెనూ, అంటే కాయలతో ఉన్న ఉలవ మొక్కలనూ, తారు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. రాయలసీమ నుంచి వచ్చినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పక్కన ఖాళీ ఉంటే తప్పుకుని వెళ్లాలి. తప్పనప్పుడు మొదటి గేరులో, బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా నేరుగా దాటాలి, ఎందుకంటే ఎండిన కట్టె మీద టైరు ఇసుక మీద జారినట్టే జారుతుంది.

జారుడుకన్నా పెద్ద ప్రమాదం బండి కింద ఉంటుంది. మూడేళ్ల కిందట మా బావమరిదితో కలిసి ఇటే వెళుతూ, మోకాలెత్తు పరిచిన ఉలవ కట్టె మీదుగా ధైర్యంగా పోనిచ్చాను. అర కిలోమీటరు వెళ్లేసరికి కాలిన వాసన వచ్చింది. క్లచ్ అనుకుని ఇంకా నడపబోతుంటే, గట్టు మీదున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపి, బండి కిందికి వంగి చూపించాడు. ఇరుసుకు తాడులా పేనుకున్న కట్టె సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని ఉంది. ఆయన కొడవలితో కోసి లాగితే చారెడేసి చొప్పున ఊడివచ్చింది, కొసలు నల్లగా మాడి ఉన్నాయి. ఇంకాస్త దూరం పోయి ఉంటే నిప్పంటుకునేది. అందువల్ల పంట దాటిన ప్రతిసారీ గడ్డి లేని నేల మీద ఆపి, ఇంజను కట్టేసి, కిందికి వంగి చూడాలి. చిక్కుకున్నది కనబడితే చల్లారాక కర్రతోనో కొడవలితోనో తీసేయాలి. వేడెక్కిన బండిని ఎండుగడ్డి మీద నిలపడం కూడా ఇంత ప్రమాదమే.

ఇరుకు మలుపులు, దిగుళ్లు

రోడ్డు ఒకే బండికి సరిపడే చోట్ల ఎదురు బండి కనబడగానే వెడల్పు ఉన్న చోట ముందుగా మీరే ఆగండి. ఎత్తు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నిబంధన. ఆగిన బండిని ఎత్తులో మళ్లీ కదిలించడం కష్టం గనుక ఆ నిబంధన వచ్చింది. రాళ్ల లారీ ఎదురైతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి తప్పుకోవాలి. ఎడమ చక్రాలను తారు దింపే ముందు అంచు ఎంత లోతుందో చూసుకుని, నెమ్మదిగా దింపాలి. గుడ్డి మలుపుకు ముందు ఒకసారి హారన్ కొట్టి, రెండో గేరుకు మారి తిరగాలి.

దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం, అదేపనిగా బ్రేకు మీద కాలుంచడం రెండూ తప్పే. బ్రేకు ప్యాడ్లు కాగితే పట్టు తగ్గుతుంది. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగుతూ, అవసరమైనప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. ఆటోమేటిక్ బండి అయితే తక్కువ గేరు స్థానాన్ని వాడాలి. మాడిన వాసన వస్తే ఆగి, పావుగంటో ఇరవై నిమిషాలో చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్లు పోయకూడదు.

నీటి దగ్గర

మంచనబెలె నీటిలో ఎంతోమంది మునిగి ప్రాణాలు కోల్పోయారు. నీళ్లు ప్రశాంతంగా కనిపించినా అడుగు ఒక్కసారిగా లోతవుతుంది. దిగవద్దు, పిల్లల్ని అంచుకు పంపవద్దు, కాపలావాళ్లు వద్దన్న చోట వాదించవద్దు. నీరు తగ్గిన నెలల్లో ఒడ్డున ఎండిన మట్టి మీదికి కారు తీసుకుపోవాలని అనిపిస్తుంది. పైపొర పగుళ్లు విచ్చి గట్టిగా ఉంటుంది, కింద బురదే. కారు దిగబడితే ట్రాక్టరు వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

వానాకాలంలో రోడ్డు మీదుగా నీరు పారుతుంటే దాటవద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కదిలించగలదు. ఆనకట్ట తలుపులు ఎత్తితే దిగువన నది ఉన్నట్టుండి పెరుగుతుంది.

సావనదుర్గ నుంచి ఇంటికి

ఇక్కడి కొండకు నల్లకొండ, తెల్లకొండ అని అర్థం వచ్చే కరిగుడ్డ, బిళిగుడ్డ అనే రెండు శిఖరాలున్నాయి. 1791లో ఇక్కడి కోటను బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన పట్టుకుంది. కొండ కింద వీరభద్రస్వామి, నరసింహస్వామి ఆలయాలున్నాయి, దర్శనానికి ఒక గంట చాలు. కొండెక్కాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, దానికి వేరే రోజు పెట్టుకోవడం నయం.

మధ్యాహ్న భోజనం మాగడిలో చేసుకుని, మూడు గంటలకల్లా తిరుగుముఖం పట్టాలి. దారిలో ఉత్తరంగా అర్కావతి, కుముద్వతి కలిసే చోట 1933లో కట్టిన తిప్పగొండనహళ్లి జలాశయం ఉంది. ఒకప్పుడు బెంగళూరు దాహం తీర్చింది ఆ నీళ్లే. చీకటి పడితే లైట్లు లేని ఎడ్లబండ్లూ గుర్తు వేయని స్పీడ్ బ్రేకర్లూ దగ్గరికి వచ్చేదాకా కనబడవు. కాబట్టి పొద్దు ఉండగానే తావరెకెరె దాటేలా చూసుకోండి.