పార్క్ గ్వెల్‌కి అందరూ కలిసి వెళ్తున్నారా? ముందు కొండ సంగతి చూసుకోండి

బార్సిలోనా వెళ్లే మనవాళ్లు పార్క్ గ్వెల్ అంటే గేటు ముందు దిగి లోపలికి నడిచేయడమే అనుకుంటారు. అది కార్మెల్ కొండ మీద ఉంది. 1900లో వాస్తుశిల్పి గౌడీ అక్కడ మొదలుపెట్టింది పార్కు కూడా కాదు, డబ్బున్నవాళ్ల కోసం 60 ప్లాట్ల కాలనీ. ఊరికి దూరం, సరైన రవాణా లేదు. చివరికి లేచినవి రెండు ఇళ్లే. 1926లో జనానికి పార్కుగా తెరిచారు. ఆనాడు కొనేవాళ్లు రానంటే రానన్న ఆ ఎత్తును ఈరోజు మీ అమ్మానాన్నలు ఎక్కాలి.

మెట్రో మూడో లైనులో లెసెప్స్‌లో గానీ వల్కార్కాలో గానీ దిగితే ఇరవై నిమిషాల నడక, చాలావరకు ఎగువకే. వల్కార్కా వైపు వీధిలో ఎస్కలేటర్లున్నాయి, కానీ మధ్యమధ్య మెట్లు తప్పవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ట్యాక్సీలో పంపించండి. పైనున్న కార్మెల్ రోడ్డు గేటు దగ్గర దింపమనండి, అక్కణ్ణుంచి నడక తేలిక. మిగతావాళ్లు వాళ్లకంటే ఓ అరగంట ముందే బయలుదేరాలి. టికెట్ మీద వేసిన సమయం దాటాక అరగంట వరకే లోపలికి రానిస్తారు. ఒకసారి బయటికి వస్తే మళ్లీ పోనివ్వరు. టికెట్లన్నీ ఒక్కరి ఫోన్‌లోనే ఉంచకండి, ఆ మనిషి వెనకబడితే అందరూ గేటు దగ్గర ఆగిపోవాల్సిందే.

పిల్లల్ని తీసుకెళ్తే నాకు ఎక్కువ భయం పెద్ద మైదానం చుట్టూ పాములా మెలికలు తిరిగే ఆ రంగుల పెంకుల బెంచీ గురించే. అదే పిట్టగోడ కూడా. పిల్లలు దాని మీద నిలబడి అవతలికి వంగితే కింద లోతు. కూర్చోనివ్వండి, ఎక్కనివ్వకండి.

ఆ మైదానంలో నీడ ఉండదు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం వద్దు. నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు. తప్పిపోతే కలుసుకునే చోటు మైదానం కిందున్న స్తంభాల మండపం అని ముందే చెప్పుకోండి. 86 స్తంభాలతో సంత కోసం కట్టిన చోటు, చల్లగా ఉంటుంది. పైన మైదానంలో పడ్డ వాన నీరు ఆ స్తంభాల లోపలినుంచే కింది తొట్టెలోకి దిగుతుంది, అక్కడ ఎదురుచూసేటప్పుడు పిల్లలకు చూపించండి. మెట్ల దగ్గర బల్లి బొమ్మను మాత్రం కలుసుకునే చోటుగా పెట్టుకోవద్దు. ఎప్పుడూ జనమే, జేబుదొంగలకూ అదే కావాలి. సంచి ముందుకు వేసుకోండి, పాస్‌పోర్టులు హోటల్లోనే ఉంచండి. బల్లి పక్కన అందరూ ఒకే ఫొటోలో ఉండాలంటే ఉదయం మొదటి టికెట్ తీసుకోండి.