కమలా కేకు కుంగిందా, బత్తాయి కేకు చేదెక్కిందా: ముందు ఇవి చూసుకోండి

విజయవాడ భవానీపురంలో మా సందులో ఎవరింట్లో కేకు చెడినా ఒక ముక్క గిన్నెలో పెట్టుకుని నా దగ్గరికి పట్టుకొస్తారు. గుంటూరు నుంచి మా చెల్లెలైతే ఫోటో పంపి, "అక్కా, ఇదేమైందో చెప్పు" అంటుంది. పదిసార్లలో ఏడుసార్లు నేనడిగేది ఒకటే: బేకింగ్ పౌడర్ వేడినీళ్ళలో వేసి చూశావా? చూడరు. ఆ అరనిమిషం పనికి బద్ధకించి మూడు గుడ్లూ పావుకిలో మైదా పాడుచేసుకుంటారు.

కేకు ఎలా చేయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. మాట్లాడుకోవడానికి ఒక లెక్క కావాలి కాబట్టి నా మామూలు కొలత చెబుతా: మైదా 200 గ్రాములు, పంచదార 160 గ్రాములు, గుడ్లు 3, నూనె 100 మిల్లీలీటర్లు, పండ్ల రసం 100 మిల్లీలీటర్లు, రెండు పండ్ల తొక్క తురుము, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీ చెంచాలు, చిటికెడు ఉప్పు. ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 170 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు, అటూ ఇటూగా. ఇందులో వంటసోడా లేదు. ఎందుకు లేదో చేదు గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

పొంగలేదు, ఇటుకలా ఉంది

బేకింగ్ పౌడర్ చచ్చిపోయింది. డబ్బా మీద తేదీ ఇంకా ఉంది కదా అనకండి. ఆ తేదీ మూత తీయని డబ్బాకి. కృష్ణ ఒడ్డున ఉన్నాం, వానాకాలంలో ఉప్పే డబ్బాలో నీరుకారుతుంది, క్లిప్పు పెట్టి పొయ్యి పక్కన పడేసిన బేకింగ్ పౌడర్ ప్యాకెట్ మాత్రం తడి పీల్చకుండా ఉంటుందా? అర చెంచా పౌడర్ మీద బాగా కాగిన నీళ్ళు పోయండి. వెంటనే బుస్సుమని నురగ రావాలి. నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే పారేయండి. వంటసోడాని పరీక్షించాలంటే మాత్రం నీళ్ళు కాదు, నాలుగు చుక్కల నిమ్మరసం వేయాలి. ఈ రెండు పరీక్షలూ కలిపేసుకుని, మంచి సోడాని పారేసినవాళ్ళు కూడా ఉన్నారు.

పౌడర్ బాగానే ఉంటే, పిండి కలిపాక ఎంతసేపు ఆగారో గుర్తుచేసుకోండి. పుల్లటి రసం తగలగానే గ్యాసు పుట్టడం మొదలవుతుంది. పిండి కలిపేసి, అప్పుడు టిన్నుకి నూనె రాసి, అప్పుడు కుక్కరు వేడిచేసుకుంటూ కూర్చుంటే ఆ గ్యాసంతా గిన్నెలోనే పోతుంది. కుక్కరైనా ఓటీజీ అయినా ముందు వేడెక్కాలి, టిన్ను సిద్ధంగా ఉండాలి, రసం ఆఖర్న పడాలి.

పొంగి, మధ్యలో గుంటపడింది

ఇరవై నిమిషాలకే మూత తీసి చూశారు. కాదంటారా, అయితే లోపల ఉడకలేదు. పుల్ల గుచ్చేది అంచు దగ్గర కాదు, నడిమధ్యన. అదీ కాదంటే పౌడర్ ఎక్కువ పడింది: "బాగా పొంగాలని ఇంకో చెంచా వేశానండీ" అనేవాళ్ళకి నా దగ్గర వేరే మందు లేదు. ఓటీజీ మీట చూపించే అంకెని కూడా మరీ నమ్మకండి. మా ఇంట్లోది 170 దగ్గర పెడితే 150కి మించి వెళ్ళదు, లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొన్నాకే ఆ సంగతి బయటపడింది.

చేదుగా ఉంది

ఇక్కడ కొంచెం ఆగాలి. చేదులన్నీ ఒకటి కావు, మందులూ ఒకటి కావు.

నోట్లో పెట్టగానే సబ్బు కొరికినట్టుండి, లోపల రంగు గోధుమరంగుకి తిరిగితే అది మిగిలిపోయిన సోడా. ఫోన్లో చూసిన కొలతలో ఆరెంజ్ రసం అని ఉంటుంది, మనం బత్తాయి రసం పోస్తాం. రెండూ పండ్లేగా అనుకుంటాం. కానీ సోడాని విరగ్గొట్టేది పులుపు. పావు టీ చెంచా సోడాకి సుమారు ఒక పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల నిమ్మరసం కావాలి. పుల్లటి కమలారసమైతే 100 మిల్లీలీటర్లు, పుల్లపెరుగైతే అరకప్పు పైన. బత్తాయిలో అంత పులుపెక్కడిది? 100 మిల్లీలీటర్లు పోసినా అందులో సగం సోడా అలాగే మిగిలిపోతుంది. రంగు కోసం చిటికెడు పసుపు వేసే అలవాటుంటే ఇంకా తేలిగ్గా దొరికిపోతుంది: కేకులో ఎర్రటి మరకలు కనిపిస్తాయి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, సోడా దగ్గరా పసుపు అదే పని చేస్తుంది. అందుకే నా కొలతలో సోడా ఎత్తేశాను.

తురుము పంటికింద పడ్డచోట మాత్రమే చేదుంటే, తొక్క కింద ఉన్న తెల్లటి దూది వరకూ తురిమేశారన్నమాట. రంగు వరకే తురమాలి. ఇది అందరికీ తెలిసిందే, ఏ చేదొచ్చినా అందరూ ముందు దీన్నే తిట్టుకుంటారు. నేనూ అలాగే తిట్టుకుని మోసపోయాను.

మూడో రకం చేదు వేరు. ముక్క నోట్లో పెట్టుకుంటే బాగానే ఉంటుంది. మింగాక గొంతు దగ్గర మొదలవుతుంది, మంచినీళ్ళు తాగినా పోదు. నాలుగేళ్ళ క్రితం మా మామగారికి జ్వరమొస్తే చూడ్డానికి వచ్చినవాళ్ళంతా బత్తాయిలు తెచ్చారు. మన ఊళ్ళో రోగి మంచం పక్కన బత్తాయిల సంచి లేకపోతే ఎవరూ పలకరించలేదన్నట్టే కదా. డజనున్నర పోగయ్యాయి. అదే వారం మా ఆడపడుచు కొడుకు పుట్టినరోజు. పండ్లు ఉన్నాయి కదా, బత్తాయి కేకు చేద్దాం అనుకున్నా. తెల్లారితే పని ఎక్కువని ముందురోజు రాత్రే తొక్కలు తీసి, తొనలు మిక్సీలో తిప్పి, వడకట్టి, చెంబులో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. రుచి చూసే పెట్టాను, తియ్యగా ఉంది.

పొద్దున చేసిన మొదటి కేకు చేదు. తొక్క తురుమే కారణమని తీర్మానించి, తురుము లేకుండా రెండోది చేశాను. అదీ చేదే. నూనె మక్కిందేమోనని కొత్త ప్యాకెట్టు కత్తిరించి మూడోది చేశాను. మళ్ళీ చేదే. చివరికి బయట నుంచి కేకు తెప్పించాం. ఆ సాయంత్రం మా ఆయన ఫ్రిజ్ తీసి, చెంబులో మిగిలిన రసం గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి, "ఇందులో కాకరకాయ ఏమైనా పిండావా?" అన్నాడు. నేనూ చూశాను. రాత్రి తియ్యగా ఉన్న రసమే, అంత చేదు.

"బత్తాయి రసం పిండగానే తాగెయ్, నిలవుంచకు" అని మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. అది ఆరోగ్యం కోసం చెప్పే మాట అనుకున్నాను తప్ప కేకు దగ్గర గుర్తురాలేదు.

జరిగేదేమిటంటే, బత్తాయి గింజల్లో, తొన పొరల్లో, తొక్క కింది తెల్లభాగంలో ఒక పదార్థం ఉంటుంది. పండులో ఉన్నంతసేపూ దానికి చేదు లేదు. గింజా పొరా నలిగి, అది రసంలోని పులుపుతో కలిశాక మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మారుతూనే ఉంటుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా మారుతుంది. అందుకే రసం రుచి చూసి పోశాం కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. అప్పుడే పిండిన తియ్యటి రసమే పోసినా, కేకు ఉడికేసరికి మధ్యభాగం 95 డిగ్రీల పైకి వెళ్తుంది. ఫ్రిజ్‌లో ఒక రాత్రికి వచ్చే చేదు ఓటీజీలో 40 నిమిషాలకే వచ్చేయొచ్చు. మిక్సీలో గింజలు నలిగినా, జ్యూస్ బండి మీద మిషన్లో పండు చిత్తుగా నలిగినా ఈ చేదు ఎక్కువ. సరిగా పండని ఆకుపచ్చ కాయల్లోనూ ఎక్కువే.

కాబట్టి రసాన్ని పచ్చిగా కాదు, కాచి రుచి చూడండి. రెండు చెంచాల రసం చిన్న గిన్నెలో పోసి ఒక్క పొంగు రానిచ్చి, దించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద చేదు సరిగా తెలియదు. ఓ పావుగంట తర్వాత నాలిక మీద వేసుకుని, మింగి, కాసేపు ఆగండి. గొంతులో చేదు తగిలితే ఆ రసం కేకులో పోయకండి. పంచదార ఎక్కువ వేస్తే సరిపోతుందంటారు, సరిపోదు. తియ్యటి చేదు అవుతుంది, అంతే.

చేదు రాకుండా ఉండాలంటే పసుపురంగు తిరిగిన పండ్లు ఏరుకోండి. అడ్డంగా కోసి, గింజలు ముందే చాకుమొనతో తీసేసి, చేత్తో మెత్తగా పిండండి. ఆఖరి చుక్క కోసం పిప్పిని నలిపేయకండి, చేదంతా ఆ ఆఖరి చుక్కల్లోనే దిగుతుంది. గుడ్లు గిలకొట్టి, మైదా జల్లించి, ఓటీజీ వేడెక్కాకే పండు కోయండి. ఇంత చేసినా కాచిన రసం చేదనిపిస్తే, బత్తాయి తొక్క తురుము మాత్రం వాడుకుని రసం కమలాది పోయండి. నేనిప్పుడు చేసేది అదే. చలికాలంలో నాగపూర్ కమలాలు వన్‌టౌన్‌లో రాసులు పోసి ఉంటాయి. అవి దొరకని రోజుల్లో 80 మిల్లీలీటర్ల పాలల్లో 20 మిల్లీలీటర్ల నిమ్మరసం పిండుతాను. పాలు విరుగుతాయి, విరగనివ్వండి, కేకు మెత్తగానే వస్తుంది.

పంపర పనస సంగతి అడిగారొకరు. దాని చేదులో దాపరికమేమీ లేదు, పచ్చిరసమే చెప్పేస్తుంది. దబ్బకాయని పచ్చడికి ఉంచుకోండి.

కమలా వాసనే రాలేదు

రసం ఎక్కువ పోస్తే వాసన ఎక్కువ వస్తుందనుకుంటారు. రాదు. అడుగున హల్వాలాంటి జిగురుపొర వస్తుంది. వాసనంతా తొక్కలోని నూనెలో ఉంది. చిన్నప్పుడు కమలా తొక్క కళ్ళలోకి పిండి తమ్ముళ్ళని ఏడిపించినవాళ్ళకి ఆ నూనె ఎక్కడుంటుందో నేను చెప్పాలా? పండు గోరువెచ్చని నీళ్ళలో కడిగి మైనం వదిలించి, తొక్కను నేరుగా పంచదార మీదకే తురిమి, పంచదార తడిసి రంగు తిరిగేదాకా వేళ్ళతో నలపండి. తురుముని ఆఖర్న పిండిలో జల్లితే ఇందులో సగం వాసన కూడా రాదు. ఎసెన్సు వేస్తే వాసన వస్తుంది, పిప్పరమెంటు బిళ్ళ వాసన.

వెన్న, పంచదార కలవలేదు

"గది వేడిలో ఉన్న వెన్న" అని రాసినవాళ్ళ గది 20 డిగ్రీలుంటుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో ఆ వేడికి వెన్న నూనైపోతుంది, ఇక నురగెక్కడ పడుతుంది? వేసవిలో నూనె కేకు చేసుకోండి. వెన్నే కావాలంటే గిలకొట్టే గిన్నె కింద చన్నీళ్ళ పళ్ళెం పెట్టుకోండి.

మిగతావి

మైదా కంటే ముందే రసం పోసేసి, గుడ్లూ నూనే విరిగినట్టు కనిపిస్తే కంగారు లేదు, మైదా కలపగానే సర్దుకుంటుంది. పైన పగిలితే వేడి కాస్త ఎక్కువైంది, పంచదార పొడి జల్లితే కనబడదు. నిమ్మరసంతో చేసిన పాకం జారిపోతుంటే కేకు ఇంకా వేడిగా ఉందన్నమాట. మైదాలో పురుగు, గుడ్డు నీచు, టిన్ను రంగు దిగడం లాంటి వాటి జోలికి ఇక్కడ వెళ్ళను.

ఉప్పగా ఉందని మాత్రం ఈ మధ్య ఇద్దరు చెప్పారు. ఇద్దరూ కుక్కరు అడుగున ఉప్పు పోసి, స్టాండు లేకుండా టిన్ను దాని మీదే పెట్టి, తీసేటప్పుడు అడుగు తుడవకుండా పళ్ళెంలోకి బోర్లించారు.