మల్లె కుండీ, మామిడాకుల తోరణం: మా ఇంటి ఉగాది పనులు

మా అనంతపురంలో మార్చి రాగానే ఎండ చుర్రుమంటుంది. అందుకే నేను ఉగాది పనులు జనవరిలోనే, మల్లె కుండీతో మొదలుపెడతాను. కొమ్మలు సగానికి కత్తిరించి, ఆకులు దూసేసి, కొన్నాళ్లు నీళ్లు బాగా తగ్గించాలి. తర్వాత మన్ను గుల్ల చేసి, రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు కలిపి, నీళ్లు పోయాలి. మల్లె పూసేది కొత్త రెమ్మలకే. కాబట్టి మనసు రాకపోయినా కత్తిరించాల్సిందే. పైన రెండు వేళ్ల మందం బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టు పరిస్తే తడి త్వరగా ఆరదు. మన జిల్లాలో అది దొరకని ఊరుందా? నీళ్లు మాత్రం పొద్దున్నే పోయండి.

తోరణానికి ముదురు మామిడాకులే కోయండి, లేతవి మధ్యాహ్నానికే వాడిపోతాయి. గంటసేపు నీళ్లలో ఉంచి, తుడిచి, తొడిమ దగ్గర పురికొస మీదుగా మడిచి, చీపురుపుల్ల ముక్క గుచ్చితే చాలు. నాలుగైదు ఆకులకొక వేపపూత రెమ్మ కట్టండి, గుమ్మమంతా వాసనే! ప్లాస్టిక్ తోరణాలు నాకు అసలు నచ్చవు.

గడపకు పసుపు, కుంకుమ, ముందు పిండి ముగ్గు. పచ్చడికి పోగా మిగిలిన వేపపూతను నీడలో ఆరబెట్టి డబ్బాలో పోసుకోండి, చారులోకి పనికొస్తుంది.