అసెంబుల్డ్ పీసీకి పరీక్షలు – 4: కర్నూలు ఎండలో సినీబెంచ్

పోయిన పాఠంలో ప్రాసెసర్ వేగాన్ని కొలిచే ప్రోగ్రాం సినీబెంచ్ ఆర్23 నడిపి స్కోరు రాసుకోమన్నాను. వచ్చినవన్నీ ఫిర్యాదులే. "అన్నా, రైజెన్ 5 5600కి యూట్యూబ్‌లో 11 వేలు చూపిస్తున్నారు. నాకు పది వేలు కూడా దాటలేదు. షాపులో వాడేసిన ప్రాసెసర్ అంటగట్టినారా?" అని ఆదోని నుంచి ఒకరు. అదే ప్రాసెసర్ ఉన్న ఇంకొకరికి ఆరు వందలే వచ్చిందట. ఈ వారం గ్రాఫిక్స్ కార్డు మొదలుపెట్టాల్సింది, ఇది తేలాకే దాని జోలికి వెళ్దాం.

ఆరు వందలాయనకు టెన్షన్ అక్కర్లేదు. ఆయన నడిపింది సినీబెంచ్ 2024. దాని ఇంజిన్ వేరు, స్కోరు లెక్క వేరు, వందల్లోనే వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టకండి.

కొందరు ర్యామ్‌ను అనుమానించారు. 3200 వేగం ఉన్న ర్యామ్‌ను టాస్క్ మేనేజర్ 2666 అనో 2133 అనో చూపిస్తే బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరిచే సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేసుకోండి. దాంతో గేములు బాగుపడతాయి గానీ సినీబెంచ్ స్కోరు పెద్దగా కదలదు.

అసలు చిక్కు గది వేడిది. వీడియో చేసినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని చేస్తారు. మనం మే నెల మధ్యాహ్నం మిద్దె మీది గదిలో నడుపుతాం. ప్రాసెసర్ మీద బిగించిన కూలర్ గది గాలితోనే దాన్ని చల్లబరచాలి, అంతకంటే చల్లగా చేయలేదు. గది 24 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 74కు చేరిందనుకోండి, తేడా 50. అదే పీసీ 40 డిగ్రీల గదిలో 90కి పోతుంది. కూలర్ పనితనం మారలేదు, తేడా అదే 50. కానీ 5600కి 90 గరిష్ఠ హద్దు. గది ఇంకో రెండు డిగ్రీలు వేడెక్కితే 92 చూపించదు, 90 దగ్గరే ఉండి క్లాక్, అంటే తాను నడిచే వేగం, తగ్గించుకుంటుంది. స్కోరు పడేది అక్కడే. అందుకే ఒట్టి "టెంపరేచర్ ఎంత?" అని నన్ను అడగొద్దు, గది ఎంతుందో కూడా చెప్పండి. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ చాలు.

రైజెన్ 7000 వాళ్లకు ఈ తీసివేత లెక్క పనికిరాదు. వాటిలో చాలావరకు పూర్తి లోడు మీద 95 దాకా వెళ్లేలానే తయారుచేశారు. మీరు క్లాక్ మాత్రం చూసుకోండి.

ఇంకోటి, సైడ్ ప్యానెల్ ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి తెచ్చిన స్కోరు నాకు పంపకండి. రోజూ అలాగే వాడతారా? నెల తిరక్కుండా లోపలంతా దుమ్ము పేరుకుంటుంది.

ఈసారి అభ్యాసం కాస్త ఎక్కువే. మూడు రోజులు, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. ప్యానెల్ మూసి, బ్రౌజర్ కట్టేసి, పది నిమిషాల టెస్టే నడపండి. తొందరపడి ఒక్క రౌండుకు మార్చితే వేడి ఎక్కకముందే స్కోరు వచ్చేస్తుంది. వేడి, క్లాక్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో చివరి నిమిషం చూసి గది వేడి, ప్రాసెసర్ వేడి, క్లాక్, స్కోరు నాలుగూ నోటుబుక్కులో రాయండి. ఎక్సెల్ కంటే నాకు నోటుబుక్కే ఇష్టం, మీ ఇష్టం మీది.

తెల్లవారుజామున స్కోరు లేచి మధ్యాహ్నం పడితే ప్రాసెసర్ మంచిదే. చల్లటి పూట కూడా 90 తగిలితే కూలర్ స్క్రూలు, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్టు చూసుకోండి. వేడి లేకుండానే స్కోరు తక్కువైతే విండోస్‌లో పవర్ ప్లాన్ సెట్టింగ్, వెనకాల నడిచే ప్రోగ్రాములు వెతకండి. షాపువాళ్లతో గొడవకు పోయేది ఆ తర్వాతే.