మూస్ వేట ఎలా చేయాలి? తుపాకీ పేలాకే అసలు పని

ఆగస్టు చివర్లో, మూస్ అనే భారీ జింక వేట గురించి నాకు ఫోన్లు మొదలవుతాయి. అలాస్కాకి వచ్చి ఏడాది నిండి, రెసిడెంట్ లైసెన్సు చేతికొచ్చిన మన కుర్రాళ్ళు "అన్నా, ఏ తుపాకీ కొనమంటావ్?" అని అడుగుతారు. "అన్నా, తాడు ఎంత కొనాలి?" అని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అందుకే సెప్టెంబరులో ఏదో ఒక సాయంత్రం మళ్ళీ ఫోనొస్తుంది. మూస్ పడిపోయింది, సగం నీళ్ళలో ఉంది, చీకటి పడుతోంది, ఇప్పుడేం చేయాలి అని. అప్పుడు చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. చేయాల్సింది పేల్చకముందే చేసుండాలి.

కాగితాల సంగతి ముందు తేల్చుకోండి. లైసెన్సు, హార్వెస్ట్ టికెట్ (వేటాడే జంతువు కోసం ముందే తీసుకునే చీటీ), మీరు వెళ్ళే యూనిట్ (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతం) రూల్స్. రూల్స్ పుస్తకం ప్రతి ఏడాదీ కొత్తది చదవాలి, పోయినేడాదిది పనికిరాదు. అమెరికా పౌరులు కాకుండా, అలాస్కా రెసిడెంట్లూ కాకుండా వచ్చేవాళ్ళు గైడు లేకుండా మూస్ వేటకి వెళ్ళకూడదు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకోవడానికే వేరే ఫెడరల్ చట్టం ఉంది, అది చదివాకే మిగతా మాటలు. ఇండియా నుంచి మా అమ్మ "వేట నేరం కాదుట్రా?" అని ఇప్పటికీ అడుగుతుంది. మన దగ్గర 1972 చట్టం తర్వాత నేరమే. ఇక్కడ లెక్కపెట్టి, సీజను పెట్టి, కొలత పెట్టి వదులుతారు. కొలత తప్పితే ఇక్కడా నేరమే.

జంతువు ఎలాంటిదో తెలియాలి

మూస్ జింక జాతిదే. మన నల్లమల కణుజుకి పెద్ద బంధువు అనుకోండి. కానీ పెద్ద మగ కణుజు సాధారణంగా 300 కిలోల చుట్టుపక్కలే, అలాస్కా మగ మూస్ 700 కిలోలు దాటగలదు. గడ్డం కింద గంగడోలులాగా ఒక తోలు తిత్తి వేలాడుతుంది. కొమ్ములు పుల్లల్లా ఉండవు, రెండు చేటలు తిరగేసి తగిలించినట్టుంటాయి. మగవాటికే కొమ్ములు. ఎద కాలం అయ్యాక చలికాలంలో రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. నెమరు వేసే జంతువు. విల్లో, బర్చ్ ఆకులు, కొమ్మలు, చెరువుల్లో నీటి మొక్కలు దీని మేత. చూపు అంతంతమాత్రం. చెవులు, ముక్కు మాత్రం మీకంటే, నాకంటే, మీ వంద డాలర్ల వాసన రాని జాకెట్టు కంటే చాలా గొప్పవి.

ఎద కాలం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో. ఆ రోజుల్లో మగది మేత దాదాపు మానేస్తుంది. కాళ్ళతో గుంట తవ్వి అందులో మూత్రం పోసి పొర్లుతుంది. అప్పుడు కొట్టిన మాంసం వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. అందుకే సీజను మొదటి పది రోజులే మంచివి అంటాను నేను. పిలిస్తే పలకవు కదా అంటారు. పలకకపోతే వెతకండి.

ఇంకోటి. ఈ జంతువుకి వేడి పడదు. ఎండాకాలంలో 14 డిగ్రీలు దాటితేనే ఆయాసపడుతుంది. ఎండ ఎక్కాక నీడ చెట్లలోకో చెరువుల్లోకో పోతుంది. తెల్లారగట్ల, పొద్దుగూకే వేళ తప్ప మిగతా టైములో అడవి అంతా తిరగడం కాళ్ళనొప్పులకే పనికొస్తుంది.

సామాను

.30-06 సైజు తుపాకీ చాలు, 180 గ్రెయిన్ల బరువున్న మంచి గుండు. మంచి బైనాక్యులర్. మోకాళ్ళ పైకి వచ్చే రబ్బరు బూట్లు. రెండు కత్తులు, ఒక ఆకురాయి, చిన్న రంపం. మాంసం పెట్టుకునే గుడ్డ సంచులు (గేమ్ బ్యాగులు) ఎనిమిది. ప్లాస్టిక్ సంచులు తెచ్చినవాణ్ణి నేను వెంట తీసుకెళ్ళను. వీపున బరువు మోసే ఫ్రేమ్, రెండు టార్పాలిన్లు, యాభై అడుగుల తాడు రెండు చుట్టలు, ఎలుగుబంటి మీద పడితే కొట్టే కారం స్ప్రే. మీతోపాటు బరువు మోయగల ఇంకో ఇద్దరు మనుషులు. ఈ ఇద్దరు లేకపోతే వెళ్ళకండి.

వెతకడం, పిలవడం

నేను ఎక్కువగా టాల్కీట్నా కొండల వైపు, డెనాలి హైవే పక్కన తిరుగుతాను. ఆ రోడ్డు పాక్సన్ నుంచి కాంట్‌వెల్ దాకా 135 మైళ్ళు, చాలా మటుకు కంకర రోడ్డే. అక్కడ చెట్లు అయిపోయి విల్లో పొదలు మొదలయ్యే ఎత్తు ఒకటుంటుంది. సెప్టెంబరు మొదట్లో మగవి ఆ బెల్టులోనే ఉంటాయి. ఎదురు కొండ ఎక్కి కూర్చుని, కదలకుండా, కనీసం రెండు గంటలు బైనాక్యులర్ పట్టుకోండి. కొత్తవాళ్ళు మొత్తం జంతువు కోసం వెతుకుతారు. అలా కనపడదు. కొమ్ముల మీది నూగు చర్మం రాలిన కొత్తలో ఎండ పడితే దూరాన రేకు ముక్క మెరిసినట్టు మెరుస్తుంది. దానికోసం చూడండి.

కొండల్లో గాలి గడియారం ప్రకారం తిరుగుతుంది. తెల్లారి చల్లగాలి లోయలోకి జారుతుంది, ఎండ బాగా ఎక్కాక పైకి లేస్తుంది. పొద్దున్నే మూస్‌కి నేరుగా పైన కూర్చుంటే మీ వాసన దాని ఒళ్ళో పడుతుంది. ఎదురు కొండ అన్నది అందుకే.

పిలుపు కష్టమేం కాదు. ఎదకొచ్చిన గేదె సాయంత్రం పూట కొట్టంలోంచి అరిచే అరుపు ఎప్పుడైనా విన్నారా? ఆడ మూస్ పిలుపు దాదాపు అదే. ముక్కులోంచి, సాగదీసి, చివర్లో దించాలి. ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఈ విద్య పుట్టుకతో వస్తుంది. మా స్నేహితుడు బర్చ్ బెరడుతో బాకా చేసుకుని యూట్యూబ్ చూసి నెల రోజులు ప్రాక్టీసు చేశాడు. నేను రెండు అరచేతులు నోటికి పెట్టుకుని పిలుస్తాను. నాకు పలికినన్ని వాడికి పలకలేదు. మగది కొమ్ములతో పొదల్ని రాకే చప్పుడు కూడా పనిచేస్తుంది, ఎండు ఎముకతోనో కర్రతోనో విల్లోని గీకండి. గంటకోసారి చాలు. పిలిచి వచ్చేయకండి. రాత్రి పిలిచిన చోటికి మగది మర్నాడు తెల్లారి వచ్చి నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

కొమ్ములు కొలవడం

మా వైపు చాలా యూనిట్లలో మూడు రకాల మగవాటినే కొట్టాలి. ఒక వైపైనా కొమ్ము ఒకే పుల్లగా గానీ రెండు చీలికలుగా గానీ ఉన్న కుర్ర మగది. లేదా కొమ్ముల వెడల్పు కనీసం 50 అంగుళాలు ఉన్నది. లేదా మొదట్లోంచి మొహం మీదికి పొడుచుకొచ్చే బ్రో టైన్లు ఒక వైపు కనీసం నాలుగు ఉన్నది, కొన్ని యూనిట్లలో మూడు. రెండు కళ్ళ మధ్య దూరం సుమారు 10 అంగుళాలు. అలాంటివి ఐదు పట్టాలి. అది మీ వైపు సూటిగా చూస్తున్నప్పుడే ఈ లెక్క కుదురుతుంది. 48 అంగుళాలది 50 లాగా కనపడుతుంది, ఆశ అలా చూపిస్తుంది. నా లెక్క 55 అయితేనే నేను వెడల్పు మీద పేలుస్తాను. లేదంటే టైన్లు లెక్కపెట్టేదాకా ఆగుతాను.

ఎక్కడ పడాలో ముందే చూసుకోవడం

ఇక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. నిదానంగా చదవండి.

పెద్ద మగదాని మాంసం 225 కిలోల దాకా వస్తుంది. ఎముకలతో అయితే ఇంకా ఎక్కువ, కొన్ని యూనిట్లలో కాళ్ళ మాంసం ఎముక మీదే ఉంచి బయటికి తేవాలని రూలు కూడా ఉంది. మనిషి ఒక ట్రిప్పుకి 35 కిలోలు మోస్తాడనుకుందాం. ఏడెనిమిది ట్రిప్పులు, మళ్ళీ ఖాళీగా వెనక్కి. టండ్రాలో గడ్డి దుబ్బుల మధ్య, బరువుతో ఒక మైలు నడవడానికి నాకు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అందుకే రోడ్డు నుంచి మైలు దాటితే నేను పేల్చను. మైలున్నర దూరంలో 60 అంగుళాల కొమ్ములు నిలబడి ఉన్నా సరే, దండం పెట్టి వచ్చేస్తాను. మీరూ అలాగే చేయాలి. "ఎలాగోలా మోసేస్తాం" అన్నవాళ్ళ మాంసాన్ని నేను వాసన చూశాను.

నీళ్ళు ఇంకా ఘోరం. నా మొదటి మూస్ చెరువు గట్టున నిలబడి ఉంది. మంచి దెబ్బే, ఊపిరితిత్తుల్లోంచి పోయింది. కానీ మూస్ సినిమాల్లోలాగా ఎగిరి పడదు. దెబ్బ తగిలినట్టే కనపడదు. తాపీగా నాలుగడుగులు నడిచి చెరువులోకి దిగింది, నడుం లోతులో పడిపోయింది. ముగ్గురం తాళ్ళు కట్టి లాగితే అంగుళం కదల్లేదు. మంచు లాంటి నీళ్ళలో నిలబడి పగలంతా కోశాం. కింద పడిన వైపు వెనక తొడ ఎముక దగ్గర పాడైపోయింది. ఆ రోజు నుంచి, నీటికి వంద గజాల లోపల ఉన్నదాన్ని నేను ముట్టుకోను. అది పక్కకు తిరిగి నిలబడి, 200 గజాల లోపల ఉండి, చుట్టూ గట్టి నేల ఉంటేనే పేలుస్తాను. గురి జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. ఇంకా నిలబడి ఉంటే మళ్ళీ కొట్టండి, గుండు పొదుపు చేసుకోకండి. పడ్డాక అరగంట దూరంగా కూర్చోండి. తర్వాత వీపు వైపు నుంచి వెళ్ళి పొడవాటి కర్రతో కంటిని తాకండి. రెప్ప కదిలితే బతికే ఉంది.

ఇప్పుడు గడియారం మొదలైంది. ఫోటో ఒకటి చాలు. ఆ బొచ్చు చలికాలం కోసం తయారైనది, లోపలి వేడిని గంటల తరబడి బయటికి పోనివ్వదు. బయట ఐదు డిగ్రీలున్నా తొడ ఎముక చుట్టూ మాంసం లోపల్నుంచి పులిసిపోతుంది. తోలు వెంటనే పోవాలి.

చాలామంది ముందు పొట్ట కోసి పేగులు లాగుతారు. నేను ఒప్పుకోను. అంత పెద్ద పొట్టలో కత్తి మొన తగిలితే సగం మాంసం కంపు కొడుతుంది. వెన్ను మీద గాటు పెట్టి తోలుని కిందికి ఒలవండి, పై వైపు అంతా. తోలు కోసే కత్తి వేరు, మాంసం కోసే కత్తి వేరు. బొచ్చు తగిలిన కత్తితో మాంసం కోయొద్దు. పై కాలిని తాడుతో చెట్టుకి లాగి కట్టండి, లేకపోతే ఒక మనిషి ఆ కాలి కిందే అలిసిపోతాడు. ముందు జబ్బకి కీలు ఎముక ఉండదు, రెక్క ఎముకకీ పక్కటెముకలకీ మధ్య కత్తి పోనిస్తే ఊడి వస్తుంది. వెనక తొడకి తుంటి దగ్గర గిన్నె కీలు ఉంటుంది. దాన్ని వెతికి, నరం తెంపి, తిప్పండి. అక్కడ రంపం పెట్టి కూర్చునేవాళ్ళకి కీలు దొరకలేదన్నమాట. వెన్ను పక్క పొడవాటి కండ, మెడ, పక్కటెముకలు, రొమ్ము. ఇవన్నీ తీయాల్సిందే, పక్కటెముకలు వదిలేసి రావడం చట్టప్రకారం నేరం. తర్వాత తిప్పి రెండో వైపు. లోపలి మెత్తటి కండలు ఆఖర్న, పొట్టని చేత్తో పక్కకి నొక్కి తీయాలి. మగదని చూపించే భాగం ఒక వెనక తొడకి అంటిపెట్టుకునే ఉండాలి, శుభ్రంగా ఉంటుందని కోసేయకండి.

తీసిన ప్రతి ముక్క వెంటనే గుడ్డ సంచిలోకి, కొమ్మల మీదికి, నీడలోకి, గాలి తగిలేలా. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వాగులో కడగకండి, తడి మాంసం పాడవుతుంది. పైన పొర ఎండి గట్టిపడితే ఈగ కూడా గుడ్డు పెట్టలేదు.

మాంసాన్ని పేగుల కుప్ప నుంచి కనీసం వంద గజాలు దూరం జరపండి, దూరం నుంచి కనపడే బోడి నేల మీదికి. రెండో ట్రిప్పుకి వచ్చేసరికి ఎలుగుబంటి దాని మీద కూర్చుని ఉండొచ్చు. గట్టిగా మాట్లాడుకుంటూ రండి, దగ్గరికొచ్చే ముందు బైనాక్యులర్‌తో చూడండి. ఎలుగు ఉంటే మాంసం దానిదే. కొమ్ములు చివరి ట్రిప్పులోనే. మాంసం కంటే ముందు కొమ్ములు బయటికి తెస్తే రోడ్డు మీద ఆఫీసరు ఆపుతాడు, ఆపాలి కూడా.

ఇంటికొచ్చాక

గ్యారేజీ చల్లగా ఉంటే వారం రోజులు వేలాడదీయండి. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి మటన్‌లా వేపుడు చేస్తే చెక్కలా అవుతుంది. తొడ మాంసాన్ని కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానిచ్చి, తర్వాత నూనె కాస్త ధారాళంగా వేసి వేయించాలి. మెడ, పక్కటెముకల మాంసం ఖీమాకి. ప్రతి ప్యాకెట్ మీదా ఏ ముక్కో, ఏ తేదీయో రాయండి. హార్వెస్ట్ రిపోర్టు 15 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో పంపేయండి.