జెల్ ఎప్పుడు సాగుతుందో, ఎప్పుడు ప్రవహిస్తుందో రియోమీటర్‌తో తెలుసుకోవడం ఎలా?

పాలిమర్ గొలుసులు (పొడవైన గొలుసులాంటి అణువులు) అక్కడక్కడ ముడిపడి వలలా అల్లుకొని, ఆ వల కన్నాలలో ద్రవాన్ని పట్టి ఉంచితే దానిని జెల్ అంటాము. అది ఘనపదార్థంలా సాగి వెనక్కు వస్తుందా, ద్రవంలా ప్రవహిస్తుందా అన్నది ఎంత బలం వేశాము, ఎంతసేపు వేశాము అన్న రెండింటిపైనా ఆధారపడుతుంది కనుక, ఆ రెండింటినీ విడివిడిగా మార్చి చూడాలి.

రియోమీటర్ అంటే రెండు పలకల నడుమ నమూనాను పెట్టి, ఒక పలకను తిప్పుతూ అది ఎంత ప్రతిఘటిస్తుందో కొలిచే పరికరం. ముందుగా నమూనాను ఆ పలకల నడుమ సుమారు 1 మిల్లీమీటరు సందులో పెట్టి, అంచుల వద్ద పొంగిన భాగాన్ని తీసివేయండి. పలకను దించేటప్పుడే జెల్‌లో ప్రతిబలం (ఒక ప్రమాణ వైశాల్యంపై పడే బలం) పుడుతుంది. అది సడలేవరకు ఆగండి. నీటి జెల్ అయితే అంచులు ఎండకుండా పలుచని నూనె పూయండి. పలకలు నునుపుగా ఉంటే జెల్ లోపల ఏ మార్పూ లేకుండా పలక మీద జారిపోతుంది, పరికరం దానినే ప్రవాహంగా చూపుతుంది. వింత ఫలితం వచ్చినప్పుడు నేను మొదట అనుమానించేది ఈ జారుడునే. గరుకు పలకలు వాడటం మేలు.

తరువాత పలకను అటూ ఇటూ ఊపే డోలన వేగాన్ని సెకనుకు 10 రేడియన్ల వద్ద నిలిపి, వికృతిని (జెల్ ఆకారం ఎంత మేరకు మారిందో తెలిపే నిష్పత్తి) 0.01 శాతం నుంచి క్రమంగా పెంచండి. వల దాచుకొని తిరిగి ఇచ్చే శక్తిని నిల్వ గుణకం, వేడిగా పోయే శక్తిని నష్ట గుణకం తెలుపుతాయి. నిల్వ గుణకం మారకుండా ఉన్నంతవరకు సరళ పరిధి. అది పడిపోయి నష్ట గుణకం కంటే తక్కువైన చోట వల తెగి ప్రవాహం మొదలైందని భావించవచ్చు.

ఇప్పుడు కొత్త నమూనా తీసుకొని, సరళ పరిధిలోని వికృతితోనే డోలన వేగాన్ని సెకనుకు 100 రేడియన్ల నుంచి 0.1కి తగ్గించండి. రసాయన బంధాలతో ముడిపడిన వలలో నిల్వ గుణకం దాదాపు సమంగా నిలుస్తుంది. విడిపోయి మళ్ళీ కలిసే బలహీన బంధాలున్న వలలో, వేగం తగ్గేకొద్దీ బంధాలకు విడిపోయే వ్యవధి దొరుకుతుంది కనుక, నష్ట గుణకం పైచేయి కావచ్చు.

నిల్వ గుణకం సమంగా నిలిచిన ఆ విలువ నుంచి కన్నం పరిమాణాన్ని కూడా అంచనా వేయవచ్చు: ఉష్ణోగ్రతను అణువుల శక్తితో ముడిపెట్టే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి, గుణకంతో భాగించి, ఘనమూలం తీయాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గుణకం 1000 పాస్కల్‌లైతే అది సుమారు 16 నానోమీటర్లు. ఏ ముడికీ చెందని వేలాడే గొలుసులు బలాన్ని మోయవు కనుక దీనిని స్థూలమైన లెక్కగానే తీసుకోవాలి.

చివరగా స్థిరమైన ప్రతిబలాన్ని కొన్ని నిమిషాలు వేసి వదలండి. వెనక్కు రాని వికృతి ఎంత మిగిలిందో అంతమేరకు జెల్ ప్రవహించినట్లు. ప్రతిబలాన్ని పెంచిన ప్రతిసారీ కొత్త నమూనా పెట్టండి. ఒకసారి తెగిన వల మునుపటి విలువలను చూపకపోవచ్చు.